మర్యాద సెయ్యి

మర్యాద మనిషిని నిలబెడతాదంటారు కదా! నన్ను మాత్రం పెద్దాసుపత్రిలో నిలువునా కూలబెట్టీసినాది. నవ్వకండర్రా, ముందు ఇనండి.

మా జూటు మిల్లు రోలర్లలో నా కుడిసెయ్యి నలిగిపోయిన సంగతి మీకందరికీ తెలిసిందే. సేతి నడిమి ఏళ్లు మూడూ ముడుసుకుపోనాయి. బొటనేలూ సిటికెనేలూ మిగిలినాయి. ఈ సెయ్యి పనికి రాదని పెద్దడాట్రు కాయితం రాస్తేనే మిల్లోడు నష్టపరిహారం ఇస్తాడు. రాయలేదో, మళ్లీ అదే మిషను ముందు నిలబడాల. మిగిలిన రెండూ కూడా దానికే పెట్టాల!

అందుకే సాచ్చికాలన్నీ పోగేసినాను. మిల్లు డిస్పెన్సరీ కాయితం, కట్టు కట్టిన కాంపౌండరు సేత రాయించిన ఓ ముక్క, ఎక్సరే ఫిలిం. ఆ ఫిలిం కోసమే మూడుసార్లు తిరిగినాను. మా ఇంటిది అప్పలనరసమ్మ దాన్ని ఎండకి పెట్టి సూసి, "ఇదేటి మావా, సేప ముల్లులాగున్నాది!" అన్నాది. పొందూరు పంచె కట్టుకుని, కొత్తవలసలో రైలెక్కి ఎల్లినాను.

డాట్రుబాబు మంచోడే. పెన్సిలిచ్చి పట్టమన్నాడు, జారిపోనాది. గ్లాసు పట్టమన్నాడు, ఠంగుమని పడిపోనాది. "అయ్యో పాపం" అని కలం కూడా తీసినాడు.

"ఆ ఎక్సరే ఇలా ఇవ్వు" అన్నాడు.

పెద్దోళ్లకి ఎడం సేత్తో ఎవుడైనా ఇస్తాడేటి? సిన్నప్పుడు ఓసారి ఎడం సేత్తో ఉప్పు అందిస్తే మా అమ్మ నా ఈపు మోగించీసినాది. బొటనేలికీ అరసేతికీ మద్దిన ఫిలిం కవరు ఇరికించి, పళ్లు బిగించి, ఎడం సెయ్యి మోసేతికి ఆనించి, వంగి మరీ ఇచ్చినాను. భుజం దాకా సలుపు!

"పట్టుకున్నావే!" అన్నాడు డాట్రు.

"మర్యాదకి పట్టినాను బాబూ."

"మర్యాదకి పట్టిన చెయ్యి మిషనుకి పట్టదా?"

రాసీసినాడు, 'పనికి తగును' అని. ఓలమ్మో! ఇంటికొచ్చి సెప్తే అప్పలనరసమ్మ, "నీ మర్యాద మండిపోనూ!" అని అన్నం గిన్నె నా ముందు ఎత్తి కుదేసినాది.

నానూరుకుంటానేటి? మళ్లీ పరీచ్చ సెయ్యమని అర్జీ పెట్టినాను. మొన్న సోమారం పిలిసినారు. అదే గది, అదే డాట్రు! ఈసారి కాయితాలన్నీ ఎడం సేత్తో, నిటారుగా నిలబడి, ఆయన ముక్కు దగ్గరికి సాపినాను.

"ఎడమ చేత్తో ఇస్తావేమయ్యా? పెద్దా చిన్నా లేదా?" అని ఎగిరిపడ్డాడు.

"నా మర్యాద సెయ్యిని మిల్లు మిషను తినీసినాది బాబూ. మర్యాద కావాలంటే దాన్ని అడగండి. ఈ సేతిని ఇయ్యాల సరిగ్గా సూడండి. సూసేదాకా నానిక్కణ్నుంచి కదల్ను!"

పక్కనున్న నర్సు అటు తిరిగి నవ్వుకున్నాది. డాట్రు నన్ను ఎగాదిగా సూసినాడు. ఎక్సరే దీపానికి అడ్డంగా పెట్టి సూసినాడు. మొదటిసారి దాన్ని కవరులోంచి తియ్యనే లేదు మరి! గుండుసూదితో ఒక్కో ఏలూ పొడిసినాడు. మూడింట్లో ఒక్కటీ కదల్లేదు. అప్పుడు నెమ్మదిగా రాసినాడు, 'కుడి చేతికి పట్టు లేదు, మిషను పనికి తగడు' అని. సీలు కొట్టినాడు.

"తీసుకో" అని కాయితం సాపినాడు. నా ఆనందం ఏటని సెప్పను! అంత పౌరుషంగా మాటాడినోణ్ని అప్పుడేటి సేసినానో తెలుసా? వంగి, బొటనేలు సాపి, కుడిసెయ్యే ముందుకి పెట్టీసినాను!

డాట్రు కాయితం ఎనక్కి లాగీసి గట్టిగా అరిసినాడు. "ఎడమ చెయ్యి! ఎడమ చెయ్యి చాపవయ్యా బాబూ, లేకపోతే రాసిందంతా మళ్లీ కొట్టెయ్యాలి!"

ఎడం సేత్తోనే పట్టుకొచ్చినాను. ఇదిగో, సూడండి. సేతికైతే పట్టుబట్టి రాయించుకున్నాను గానీ, పనిలో పని నా బుర్రకి కూడా ఓ కాయితం రాయించుకోవలసింది!