గడ్డికి గడి లేని ఫారం

1998 జూన్‌లో నేను డెంకణికోటకు అవతల, రిజర్వు అడవి అంచున నడిచే ఒక శిక్షణ శిబిరంలో ఫీల్డ్ సూపర్‌వైజరుగా చేరాను. పగలు జట్టుతో గుట్టల మీద తిరిగి, సాయంత్రం ఆ పనిని కాగితం మీద పెట్టేవాణ్ణి ఫీల్డ్ సూపర్‌వైజర్ అంటారు. పదో తరగతి దాటిన పల్లె యువతీయువకులను పన్నెండుమందిని తీసుకుని, రెండేళ్లపాటు అడవి సంరక్షణ పనులు నేర్పించడం మా సంస్థ బాధ్యత. వేసవిలో నిప్పు పాకకుండా ఎండుగడ్డి తొలగించి బాటలు తీయడం, నర్సరీ పెంచడం, ఏనుగులు చేలలోకి దిగే దారులను గుర్తించడం, నేలను కొలిచి పటం గీయడం వాళ్లు నేర్చుకునేవారు. వాళ్లను ట్రైనీలు అనేవాళ్లం. శిక్షణ ముగిశాక ఒకరిద్దరికైనా వాచర్ ఉద్యోగం, అంటే నాటిన మొక్కలకు కాపలా ఉండే పని, దొరుకుతుందన్నది అందరి ఆశ.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. రాయకోట దగ్గర మాకు కొద్దిగా మెట్ట భూమి ఉండేది. ప్రభుత్వం నుంచి ఏదైనా కాగితం వస్తే, దాన్ని చదివి చెప్పేవారి కోసం మా నాయన పక్క ఊరి దాకా నడిచిపోయేవాడు. అందుకే కాబోలు, అచ్చు ఫారం అంటే నాకు భయభక్తులు ఎక్కువ. దాన్ని కొట్టివేతలు లేకుండా నింపగలగడమే చదువుకు ఫలమని చాలాకాలం నమ్మాను.

ఆ పన్నెండుమందిలో రత్న అనే అమ్మాయికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. గొర్రెల కాపరుల కుటుంబం. తండ్రి మారప్పకు డెబ్బై దాకా గొర్రెలుండేవి. కోతలైన చేలలో ఎరువు కోసం రైతులు ఆ మందను నిలుపుకునేవారు. చేలలో పైరు ఉన్న నాలుగు నెలలూ మాత్రం దానికి వేరే దిక్కు లేదు. అప్పుడు అది శిబిరానికి ఎదురుగా ఉన్న గుట్ట వాలు మీదే మేసేది. ఆ వాలు ప్రభుత్వ భూమి. అయినా మారప్ప తాత నాటి నుంచి అక్కడ ఎవరూ అడ్డు చెప్పలేదు.

రత్న పనిలో అందరికంటే ముందుండేది. కొలత గొలుసు ఎక్కడ వంకర పోయిందో చూపుతోనే చెప్పేది. ఏనుగుల జాడ కనబడితే జట్టును ఎటు తిప్పాలో ఆమెకే తెలిసేది. లోయ దిగిన తర్వాత అందరూ వచ్చారో లేదో ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టేది.

“రత్నా, మమ్మల్ని గూడా మీ మందలో కలుపుకున్నావా ఏంది?” అని ఒకడు ఎగతాళి చేశాడు.

“మా మంద చెప్పిన మాట వింటుందప్పా. మీరు వినరు,” అంది.

1999లో వానలు వెలిశాక మాకు స్టాక్ మ్యాప్ పని అప్పగించారు. అడవిలో ఏ తావున ఏముందో చూపే పటమది. దానికి జతగా నింపే ఫారంలో మూడు గడులుండేవి: చెట్లు, బండ, బ్లాంక్. చెట్లు లేని చోటును బ్లాంక్ అంటారు. మొక్కలు నాటడానికి మొట్టమొదట ఎంచుకునేది దాన్నే. రత్న చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కనుక ఫారం నింపే పని ఆమెకే ఇచ్చాను. ఎదురు గుట్ట వాలు దగ్గరికి వచ్చేసరికి ఆమె పెన్ను ఆగింది.

“సార్, ఇది బ్లాంక్ ఎట్లయితుంది? మోకాలెత్తు గడ్డి ఉంది గదా.”

“చెట్లు లేవు కదమ్మా. ఇక్కడ అడిగేది చెట్ల సంగతి.”

“అయితే మా గొర్రెలు ఇన్నేండ్లు బ్లాంకే మేసినాయా?”

జట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు.

“ఇంగొక గడి గీస్తే కాదా సార్? స్కేలు పెట్టి నేనే నీట్‌గా గీస్తాను.”

“అచ్చు ఫారం మీద మనం గీతలు గీయకూడదు.”

ఫారం అడుగున రిమార్క్స్ అని రెండు వరుసల చోటుండేది. ‘గొర్రెల మేత’ అని అక్కడ రాయించి ఉంటే సరిపోయేది. అది నాకు ఆ క్షణంలో తోచింది కూడా. కానీ అట్లా రాస్తే పై నుంచి ప్రశ్నలు వస్తాయి, ఫారం తిరిగి వస్తుంది, నా పని సరిగా లేదంటారు. రిమార్క్స్ ఖాళీగా వదిలేయమన్నాను. రత్న బ్లాంక్ గడిలో టిక్కు పెట్టింది.

వారం తర్వాత మారప్ప శిబిరానికి వచ్చాడు. కంబళి భుజం మీద వేసుకుని గడప బయటే నిలబడ్డాడు.

“సారూ, మా పాప ఏందో బ్లాంక్ అంటా ఉంది. గుట్టను మూసేస్తారా?”

“ఎల్లకాలం కాదు మారప్పా. మొక్కలు నిలబడేదాకా, నాలుగేండ్లు. తర్వాత తెరుస్తారు.”

“నాలుగేండ్లు ఆకలి ఆపుకోండని గొర్రెలకి ఎవరు చెప్పేది? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

అటవీశాఖ రేంజర్ గారితో మాట్లాడతానని మాట ఇచ్చాను. మాట్లాడాను కూడా, కానీ గుట్ట చుట్టూ ట్రెంచ్, అంటే మంద దాటకుండా తవ్వే లోతైన కాలువ, సగం పూర్తయిన తర్వాత. ఆయన శాంతంగానే విన్నారు. “ఇది మీ ఫారంలో ఉందా?” అని అడిగారు. లేదన్నాను. “ఉండి ఉంటే ఆ వాలు వదిలి పక్కది తీసుకునేవాళ్లం. ఇప్పుడు మంజూరైపోయింది,” అన్నారు. ఆయనను తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

2000లో శిక్షణ ముగిసింది. ఆ గుట్టకే ఒక వాచర్ కావాలన్నారు. నేను రత్న పేరు పంపాను. ‘ఈమె గొర్రెల కాపరుల కుటుంబానికి చెందినది కనుక మందలు ఏ వేళ, ఏ దారిన వస్తాయో ఈమెకు బాగా తెలుసు’ అని సిఫారసు లేఖలో రాశాను. ఆ వాక్యం బాగా కుదిరిందని సంతోషించాను కూడా. ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఖాకీ చీర కట్టుకుని నాకు చూపించడానికి వచ్చిన రోజున, నాయన ఏమన్నాడని అడిగాను.

“చీర బాగుందన్నాడు సార్,” అంది.

మరుసటి ఏడు మా వైపు వానలు సరిగా పడలేదు. మారప్ప మందను ఊరూరా తిప్పి అలసిపోయాడని విన్నాను. ఒక ఉదయం రేంజర్ గారితో మొక్కలు చూడటానికి గుట్ట ఎక్కాను; రత్న, పక్క గుట్టల వాచర్లు కూడా వెంట ఉన్నారు. ట్రెంచ్ ఒకచోట పూడి ఉంది. దాని మీదుగా దిగిన గొర్రెలు కానుగ, నేరేడు మొక్కల మధ్య ఎండిన గడ్డి మేస్తున్నాయి. అవతలి గట్టున మారప్ప నిలబడి ఉన్నాడు. దాక్కోవడానికి కూడా ఆయన ప్రయత్నించలేదు.

“మంద ఎవరిది?” అని రేంజర్ గారు అడిగారు.

“మాదే సార్,” అంది రత్న.

పట్టుబడ్డ మందను బందెలదొడ్డికి, అంటే ప్రభుత్వం పశువులను నిర్బంధించే దొడ్డికి, తోలాలి. అది నియమం. రత్నను పక్కకు ఉండమని, రేంజర్ గారు మిగతా వాచర్లను పురమాయించారు. వాళ్లు కర్రలెత్తుకుని దిగారు. గొర్రెలు బెదిరి నాలుగు దిక్కులా పరుగెత్తాయి. రెండు గొర్రెపిల్లలు ట్రెంచ్‌లో పడ్డాయి. ఒకదాని కాలు విరిగిన చప్పుడు మాకు వినిపించింది.

అప్పుడు మారప్ప గట్టు మీద నుంచి పిలిచాడు. “కర్రలు దించమని చెప్పు సారూ. దొడ్డికి పోతే పోనీ, కాళ్లు విరిగితే ఏం చేసేది?” తర్వాత కూతురి వైపు తిరిగాడు. “రత్నా, నువ్వు పిలువమ్మా. నువ్వు పిలిస్తే వస్తాయి.”

ఆమె నా వైపు చూసింది. నేను పటం ఉన్న ఫైలు పట్టుకుని నిలబడ్డాను. ఆమె నాలుక అంగిట తగిలించి ఒక శబ్దం చేసింది. చెదిరిన మందంతా ఆగింది. రెండోసారి చేసేసరికి ఒక్కొక్కటే వచ్చి ఆమె చుట్టూ చేరాయి. ఆమె వెనక్కి చూడకుండా ముందు నడిచింది. రెండు మైళ్ల దూరం, ట్రెంచ్‌లో పడ్డ పిల్లలు తప్ప మిగతా గొర్రెలన్నీ ఖాకీ చీర వెంట నడిచి, దొడ్డి తలుపులోంచి తమంతట తామే లోపలికి పోయాయి.

మూడో రోజు మారప్ప మందను విడిపించుకున్నాడు. ఆ వారమే మా జిల్లాలోని పోచంపల్లి సంతలో మొత్తం అమ్మేశాడు. తెలిసి నేను వాళ్ల ఇంటికి పోయాను.

“నీ మీద కోపం లేదు సారూ,” అన్నాడు. “మా పాప మీదా లేదు. అది పిలిస్తే నమ్మి వచ్చినాయి, వచ్చి దొడ్డిలో పడినాయి. ఇంక వాటిని ఏ మొగం పెట్టుకుని పిలిచేది?”

వానల్లేక మొక్కల్లో చాలా భాగం ఎండిపోయింది. ఆ మరుసటి ఏడు మొక్కల పథకం ఆగింది, వాచర్లను తీసేశారు. మేపు లేని వాలును పశువులు ముట్టని లాంటానా ముళ్లపొదలు కమ్మేశాయి. నేను చెప్పిన నాలుగేండ్లు గడిచాక గుట్టను నిజంగానే తెరిచారు. అప్పటికి అక్కడ గడ్డీ లేదు, మేసే మందా లేదు.

2004లో హోసూరు బస్టాండులో రత్న కనబడింది. యాడ పని చేస్తా ఉండావని అడిగాను.

“కుట్టు కంపెనీలో సార్. కాలర్లు కుట్టేది.”

అన్నాళ్లుగా అనుకుంటున్న మాట అప్పుడు చెప్పాను. ఆనాడు రిమార్క్స్‌లో గొర్రెల మేత అని రాయించి ఉండవలసింది, తప్పు నాదే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“పెన్ను నా చేతిలోనే ఉండె గదా సార్. రాసింటే గుట్టను వదిలేస్తారు, గుట్టను వదిలేస్తే దానికి వాచర్ పని ఉండదు. నాకు అంతా తెలుసు. ఆ పని కోసరమే ఊరకున్నాను.”

కంపెనీ బస్సు వచ్చింది. “వస్తాను సార్,” అని ఎక్కింది.

ఈ వృత్తిలోకి రాదలచిన యువకులు నన్ను సలహా అడుగుతుంటారు. ఒక నేలను కాపాడే ఉద్యోగం ఇచ్చేముందు, దాన్ని ఎవరి నుంచి కాపాడమంటున్నారో అడగండి, ఆ జవాబులో ఉద్యోగం పొందేవారి ఇల్లు ఉందేమో చూడండి అని వాళ్లకు చెబుతాను. రత్న వల్ల నేను నేర్చుకున్నది ఇది. కానీ నేర్చుకున్న తర్వాత కూడా నేను మరో రెండు జట్లకు శిక్షణ ఇచ్చాను. రెండుసార్లూ వాచర్ పనికి, ఆ తావున మందలు మేపిన కుటుంబాల పిల్లల పేర్లే పంపాను. ఆ పని వాళ్లంత బాగా చేయగలవారు ఇంకెవరూ లేరు.