క్లారెన్స్‌కు మిగిలిన శుక్రవారం

అమెరికాలో, మిల్వాకీ నగరం దక్షిణం వైపున్న మా చర్చికి వచ్చే క్లారెన్స్ నొవిట్స్కి, బెర్నడీన్ దంపతుల ఇంట్లో పొయ్యి వెలగదని అందరూ వేళాకోళం చేసేవారు. నిజానికి బెర్నడీన్ చక్కగా వండుతుంది. కాని తోళ్ల ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసిన క్లారెన్స్‌కు నలుగురి మధ్య కూర్చుని తింటేనే తిన్నట్టుండేది. ఆదివారం పూజ అయ్యాక పోలిష్ హోటల్లో సూప్, బంగాళాదుంప అట్లు. మంగళవారం సెర్బియా వాళ్ల దగ్గర జున్ను పెట్టి కాల్చిన పొరల రొట్టె, బురెక్. శుక్రవారం కూబియాక్ హోటల్లో వేయించిన చేప. మంచు మోకాలి లోతున పడినా శుక్రవారం తప్పేది కాదు.

డెబ్బై నాలుగో ఏట అతని కుడిచేతికి వణుకు వచ్చింది. చెంచాలో సూప్ నిలవడం మానేసింది. దాంతో పోలిష్ హోటలు పోయింది. బురెక్ పొరలు ఒళ్లో రాలుతుంటే పక్క బల్ల పిల్లలు నవ్వారు, మంగళవారమూ పోయింది. ఇక శుక్రవారం ఒక్కటే మిగిలింది. అదీ పోతే మనిషి కిటికీ పక్క కుర్చీకే అతుక్కుపోతాడని బెర్నడీన్ భయం. జబ్బు నయం చెయ్యమని కూడా కాదు, శుక్రవారాన్ని మిగల్చమని దేవుణ్ణి అడుగుతున్నానని నాతో అంది ఒకసారి, కొవ్వొత్తి వెలిగిస్తూ.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలంలో మూడో శుక్రవారం. మాంసం మాని అందరూ చేప తినే రోజు కనుక కూబియాక్‌లో కాలు పెట్టే సందు లేదు. పేరు చెప్పి, బారు దగ్గర బ్రాందీ గ్లాసుతో గంటసేపు కబుర్లాడి, పిలిచాక బల్ల దగ్గరికి వెళ్లడం అక్కడి పద్ధతి. సగంమంది ఆ గంట కోసమే వస్తారు. క్లారెన్స్ గ్లాసును ఎత్తకుండా తనే వంగి తాగాడు. చుట్టూ ఉన్న మేమంతా చూడనట్టే మాట్లాడుతూ పోయాం.

"క్లారెన్స్! ఇద్దరు!" అని ఆర్డిస్ కేకేసింది. యాభై ఏళ్లుగా అక్కడ వడ్డిస్తున్న మనిషి.

"ఇంకా బతికే ఉన్నావా ఆర్డిస్?"

"పెద్దవాడివి, నువ్వు వెళ్లకుండా నేనెలా వెళ్తాను? పద, కూర్చో."

కూర్చున్నాక ఇద్దరూ సిలువ గుర్తు వేసుకున్నారు. నుదుటి నుంచి గుండెకు దిగుతూ అతని చెయ్యి వణికింది. ఆ వణుకును మాత్రం అతనెన్నడూ దాచలేదు.

ప్లేట్లు వచ్చాయి. బెర్నడీన్ ప్లేటులో మూడు పెద్ద చేప ముక్కలు, క్యాబేజీ సలాడ్. క్లారెన్స్ ప్లేటులోనూ అవే, కాని చేపను బొటనవేలంత ముక్కలుగా కోసేశారు.

అతను భార్య వంక చూశాడు. "ఇలా కోసి తెమ్మని నువ్వు చెప్పావా?"

"మధ్యాహ్నం ఫోన్ చేశాను. వంటగదిలోనే కోసేస్తే ఎవరికీ తెలియదని..."

"పసిపిల్లల ప్లేటు ఎలా ఉంటుందో ఈ హాల్లో తెలియనివాడెవడు బెర్నీ? మెడకో గుడ్డ కూడా కట్టించకపోయావా?"

"అంత మాట అనకు."

"వచ్చే వారం నుంచి డబ్బాలో కట్టించుకుని ఇంటికే తెచ్చుకుందాం. ఇంక చాలు."

బెర్నడీన్ కళ్లు నిండాయి. ప్రేమకొద్దీ చేసిందే, తగలరాని చోట తగిలింది.

రై రొట్టె తెచ్చిన ఆర్డిస్ అంతా వింది. ఓదార్చలేదు. ఒక రొట్టె ముక్కకు వెన్న రాసి, కోసిన చేపంతా దానిమీద పేర్చి, ఉల్లిపాయ చక్రం పెట్టి, పైన మరో ముక్క వేసి అరచేత్తో నొక్కింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"నోర్మూసుకో. ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చేవాళ్లు మీరంతా. వంటినిండా తోళ్ల కంపు. అప్పటి మా ముసలి యజమాని బల్లల దగ్గరికి రానిచ్చేవాడా? బారు దగ్గరే రొట్టెలో చేప పెట్టి ఇచ్చేదాన్ని. ఒక్కనాడైనా ఫోర్కు అడిగావా?"

"అడిగితే నువ్విచ్చేదానివా?"

"ఇప్పుడూ ఇవ్వను." ఫోర్కు తీసి జేబులో వేసుకుని వెళ్లిపోయింది.

క్లారెన్స్ రొట్టెను రెండు చేతులా పట్టుకున్నాడు. రెండోది తోడున్నందుకేమో, కుడిచెయ్యి కాస్త నిమ్మళించింది. కొన్ని చేప ముక్కలు ప్లేటులో రాలాయి. ఇంకోసారి కొరికాడు.

"ఆర్డిస్, నాకూ అలాంటిది ఒకటి!" అని పక్క బల్ల ముసలాయన అరిచాడు.

"నీకు చేతులున్నాయిగా, చేసుకో!"

బెర్నడీన్ తన ఫోర్కు పక్కన పెట్టి, తనూ అలాంటిదే ఒకటి చేసుకుంది. కొరకగానే ఉల్లిపాయ జారి ఒళ్లో పడింది.

"మా ఫ్యాక్టరీలో నిన్ను ఒక్కరోజు కూడా ఉంచేవాళ్లు కాదు," అన్నాడు క్లారెన్స్.

"ఆ ఫ్యాక్టరీ కంపు ఇన్నేళ్లూ ఉతికింది ఎవరు?"

అతను నవ్వాడు. నవ్వుతూనే నెమ్మదిగా అన్నాడు. "ఇంకోసారి ఫోన్ చేసేముందు నన్నడుగు."

"అడిగితే ఒప్పుకునేవాడివా?"

"లేదు. అయినా అడుగు."

మరుసటి శుక్రవారం వాళ్లు బల్లకోసం పేరు చెప్పలేదు. బారు చివర రెండు ఎత్తు కుర్చీలు లాక్కుని చేతుల్తోనే తింటున్నారు. నన్ను చూసి బెర్నడీన్ జరిగి చోటిచ్చింది.