ఎదురు కొట్టు మీద కన్ను

సైన్యం ఖర్చులో కోత పెట్టాక శిబిరం సగం ఖాళీ అయింది. దాని గేటు ముందు బతికే వీధి ఏమైపోతుందో ఎవరూ ఆలోచించలేదు. జవాన్లకు యూనిఫాంలు కుట్టే దర్జీ ఇప్పుడు మెడలో టేపు వేసుకుని, ఎదురుగా ఉన్న తమ్ముడి భార్య కొట్టుకేసి చూస్తూ కూర్చుంటాడు. గౌన్లు, పరదాలు కుట్టే ఆ కొట్టును ఒకప్పుడు పేలికల దుకాణమని వెక్కిరించేవాడు. ఇప్పుడు దాని గుమ్మంలో బేరాలకొచ్చినవాళ్ల చెప్పులు చూస్తే కడుపు మండిపోతుంది. "దానికి కాజాలు కుట్టడం నేర్పింది నేనే" అని పెళ్లాంతో రోజూ అంటాడు.

మొన్న అక్కడి రద్దీకి విసుగెత్తిన ఒకావిడ పాప గౌను గుడ్డ ఇతనికిచ్చింది. ఎదురు కొట్టు బేరమే వచ్చిందని మీసం దువ్వాడు. ఈమెను ఎలాగైనా నిలబెట్టుకోవాలని ఒళ్లు దగ్గర పెట్టుకుని కుట్టాడు. ఆవిడ మడత విప్పితే భుజాలమీద పట్టీలు, గుండెమీద రెండు మూత జేబులు!

"ఏంటన్నా, మా పాపను పటాలంలోకి పంపుతున్నావా?"

అలవాటుపడిన చేతులు చేసిన పని అతనికి అప్పుడు తెలిసింది. మరదలు రోడ్డు దాటి వచ్చింది.

"ఇటివ్వండి బావగారూ, నేను సరిచేస్తాను."

ఆమె నవ్వినా ఓర్చుకునేవాడే. నవ్వలేదు. పట్టీ విప్పుతూ, "ఎంత గట్టి కుట్టో చూడండి, తెగి చావదు" అని ఆవిడకు చూపించింది. ఆ మెచ్చుకోలు అతనికి ఇంకా మింగుడుపడలేదు.