స్కూల్ బస్సుకి ఎదురు

మా అమ్మాయిని క్యాథలిక్ బడిలో చేర్చిన రోజున బస్సు సంగతి విని నేను నోరు తెరిచాను. మేముండే ఫిలడెల్ఫియా శివారులో పిల్లలు ఏ మతం బడికి వెళ్ళినా సరే, ప్రభుత్వ బడుల పసుపు బస్సే ఇంటి ముందు ఎక్కించుకుని ఊరికే దింపి వస్తుంది. మా అమ్మాయి ఎక్కే బస్సు ముందు క్యాథలిక్ బడి దగ్గర ఆగి, ఆ తర్వాత యూదుల బడికి వెళ్తుంది. మధ్యలో ఎక్కిన మా హిందూ పిల్లని ఎవరూ ఏమీ అడగరు. ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి అనే జాతి మనది. అయినా మావారు ఆ ఫారాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి, "ఎక్కడో కండిషన్ ఉంటుంది, సరిగ్గా చూడు" అన్నారు. కండిషన్ ఏదీ కనబడలేదు. దాన్ని తర్వాత మేమే తెచ్చిపెట్టుకున్నాం.

ఆ బడి ఎందుకంటే, మా అమ్మాయి మొదట వెళ్ళిన పెద్ద బడిలో ఏడాదంతా నోరు విప్పలేదు. ఇంట్లో చిలకలా మాట్లాడే పిల్ల అక్కడ దాహమేస్తోందని కూడా చెప్పేది కాదట. టీచరు మమ్మల్ని పిలిచి, పిల్లకి వినబడుతుందా అని అడిగింది. చిన్న క్లాసులుంటాయని ఎవరో చెబితే క్యాథలిక్ బడికి మార్చాం. మూడు నెలల్లో మాటలు మొదలయ్యాయి. ఇప్పుడు ఆపడమే కష్టం. మొదటి ఏడాది బస్సు ఎక్కనని మొండికేస్తే మావారే కారులో దింపేవారు.

తను రెండో తరగతికి వచ్చేసరికి ఇంట్లో లెక్కలు మారాయి. ఏళ్ళ తరబడి డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్న నాకు వర్క్ పర్మిట్ వచ్చి, ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. ఆరున్నరకే ఇల్లు కదలాలి. మావారు అంతకన్నా ముందే రైలెక్కాలి. ఇక ఆ పసుపు బస్సే దిక్కు. అది లేకపోతే పిల్లకి ఆ బడీ లేదు. అదృష్టంకొద్దీ మా అత్తగారు ఆరు నెలలకని వచ్చారు. పిల్లకి జడలు వేసి, బస్సెక్కించే పని ఆవిడ తీసుకున్నారు.

బళ్ళు తెరిచిన రోజున నేను ల్యాబ్‌లో రెండు గంటలు పర్మిషన్ పెట్టి ఇంట్లోనే ఉన్నాను. బస్సు వచ్చి ఆగింది, రెండు పక్కలా కార్లు ఆగాలని చెప్పే ఎర్ర లైట్లు వెలిగాయి, తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి డ్రైవ్‌వే మధ్యలో పాతేసిన స్తంభంలా నిలబడి ఏడుపు అందుకుంది. నాకు కంగారు, కోపం కలిసి వచ్చాయి.

"చూడు, నానమ్మ ఎదురొస్తుంది. మంచి శకునం. ఇంక భయం లేదు" అన్నాను. "అత్తయ్యా, కాస్త ఎదురు రండి."

"నేనా?" అన్నారావిడ.

"మీరే. తొందరగా రండి, బస్సు వెళ్ళిపోతుంది."

ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుని, రోడ్డు దాటి అవతలికి వెళ్ళి, బస్సు ముందునుంచి మనవరాలికి ఎదురుగా నడిచి వచ్చారు. పిల్ల ఏడుపు ఆపి బస్సెక్కేసింది. హమ్మయ్య అనుకుని నేను ల్యాబ్‌కి వెళ్ళిపోయాను.

అక్టోబరు చివర్లో బస్సుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఇంటి పెద్దావిడ ఒకరు రోజూ బస్సు ముందు రోడ్డు దాటుతున్నారు, ఆవిడ దాటేదాకా బస్సు కదలడానికి లేదు, తర్వాతి స్టాపుల పిల్లలకు ఆలస్యమవుతోంది, ఇది ఆపకపోతే మీ స్టాప్‌ని మెయిన్ రోడ్డు మలుపుకి మారుస్తాం అని. ఆ మలుపు దాకా ఫుట్‌పాత్ లేదు. రేపో మాపో మంచు పడుతుంది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ పిల్లని అంత దూరం నడిపించలేరు. అంటే బస్సు పోయినట్టే, బడి పోయినట్టే.

సంగతి మా అమ్మాయిని అడిగితే ఉత్సాహంగా వర్ణించింది. నానమ్మ ముందుగానే అవతలి పోస్టు డబ్బా దగ్గర నిలబడుతుందట. చీర మీద నాన్న జాకెట్, కాళ్ళకి స్నీకర్స్. బస్సు ఆగాక, రెండు పక్కలా కార్లు ఆగాక, అప్పుడు బయల్దేరుతుందట. బండి వచ్చి నిలబడ్డాక వస్తేనే ఎదురు, ముందొస్తే లెక్కలోకి రాదట. ఆగిన కార్లవాళ్ళకి చెయ్యి ఊపుతుందట కూడా. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని.

ఆ సాయంత్రం ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నేను ఉత్తరం ముందు పెట్టి గట్టిగానే మాట్లాడాను. "ఇదేం మన ఊళ్ళో వీధి కాదు అత్తయ్యా. ఒక్కరోజు సరదాకి రమ్మంటే రోజూ రోడ్డు ఆపేస్తారా?"

"తప్పేనమ్మాయ్. రేపట్నుంచి రాను" అన్నారు.

"నానమ్మ రాకపోతే నేను కూడా వెళ్ళదు" అని పక్కనుంచి మా అమ్మాయి తన అమెరికా తెలుగులో తీర్పు చెప్పింది. నేను దాన్ని కసిరి పైకి పంపించాను.

ఆవిడ తల ఎత్తకుండా, ఈనెలు తీస్తూనే అన్నారు. "మీ మామయ్య పోయి పదకొండేళ్ళు. అప్పట్నుంచి ఎవరు బయల్దేరినా నేనే లోపలికి వెళ్ళిపోతాను, ఒకళ్ళు చెప్పక్కర్లేకుండా. నీ ఆడపడుచుని కాన్పుకి తీసుకెళ్ళేప్పుడూ అంతే. ఆ రోజు నువ్వు రమ్మన్నావు. రమ్మన్నాక మానబుద్ధి కాలేదు."

పెద్ద మనసుతో పిలిచానని ఆవిడ అనుకుంటున్నారు. భర్త లేని మనిషిని ఎదురు రమ్మనకూడదన్న మాటే ఆ హడావిడిలో నాకు గుర్తు రాలేదు, అంతే. గుర్తొచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకు బాగా తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన రోజున పక్కవీధి స్నేహితురాలికి ఫోన్ చేసి, పొద్దున్నే లేపి, నాకు ఎదురు రప్పించుకున్నాను. అప్పటికి అత్తగారు ఇంట్లోనే ఉన్నారు. పాలు పొంగుతాయంటూ లోపలికి వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళనిచ్చాను.

మర్నాడు మళ్ళీ పర్మిషన్ పెట్టి బస్సు కోసం నిలబడ్డాను. డ్రైవరు అరవై దాటిన మనిషి, ఆవిడకీ మనవలున్నారు. మా ఆచారం గురించి నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆలస్యం ఒక్కటే కాదు, ఏ కారైనా ఆగకుండా వస్తే ఏం గతి అని తనకి రోజూ గుండె దడగా ఉందని చెప్పి, "రోడ్డు దాటొద్దు. ఇవతల గడ్డి మీద నడిచి రమ్మనండి. నేను తలుపు తెరిచి ఉంచుతాను" అంది. అత్తగారికి చెబితే, ఎదురు ఎదురే, ఏ పక్కైతేనేం అన్నారు. ఆఫీసు నుంచి మళ్ళీ ఉత్తరం రాలేదు. డ్రైవరమ్మ ఇప్పుడు ఆవిడకి గుడ్ మార్నింగ్ చెప్పనిదే బ్రేకు తియ్యదట.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం అత్తగారు వాళ్ళ చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. చెవి సరిగ్గా వినబడదని ఆవిడ ఎప్పుడూ స్పీకర్‌లోనే పెడతారు. నేను బట్టలు మడతపెడుతున్నాను.

"నువ్వు ఎదురెళ్తున్నావా అక్కా? కోడలు ఏమీ అనదా?" అని అడిగింది చెల్లెలు.

"ఏమంటుందే, తనే రమ్మంది. తనకైతే పక్కవీధి అమ్మాయిని పిలుచుకుంది. పిల్లకి మాత్రం నన్నే రమ్మంది" అన్నారావిడ.

అలా కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు.