కాలువ గట్టు దగ్గర వేపరెమ్మలు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. ఎవరేం చెప్పినా దానికి ఆధారం ఏమిటని అడగడం నాకు అలవాటు. ఇది కూడా చూసినంత వరకే రాస్తాను.

నా భార్య పోయిన తర్వాత జరిగిన సంగతి ఇది. దుఃఖంలో ఉన్నవాడి భ్రమ అని చదివేవాళ్ళు అనుకోవచ్చు. కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకోవాలని చూశాను. కానీ ఆ ఉదయం దాన్ని చూసింది నేనొక్కణ్ణే కాదు.

మేముండేది రాయచూరు జిల్లా మస్కిలో. అశోకుడి పేరున్న శాసనం దొరికిన ఊరు. దాన్ని చూడటానికి అప్పుడప్పుడూ దూరం నుంచి మనుషులు వస్తారు. కటకటాల్లోంచి బండను చూసి, ఫోటో తీసుకుని, బస్సెక్కి వెళ్ళిపోతారు. ఊరి చుట్టూ ఏముందో ఎవరూ చూడరు. నా భార్య వసుంధర చూసింది. పరుగెత్తుతూ చూసింది.

ఆమె రాయచూరు బజారులో కిరాణా కొట్టు నడిపేవాళ్ళ ఇంటి పిల్ల. హైస్కూల్లో పి.టి. టీచరు. నేను కాలువ కింద వలస రైతుల క్యాంపులో పెరిగినవాణ్ణి. మా తాత గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ వరి పండించాడు. మా ఇద్దరి తెలుగు వేరు. పెళ్ళయిన కొత్తలో ఆమె మాటకి మా అమ్మ నవ్వేది. మా అమ్మ మాటకి ఆమె నవ్వేది.

ఆదివారాలూ సెలవు రోజులూ వస్తే తెల్లవారగానే పరుగుకి వెళ్ళేది. మస్కి చుట్టూ తనకంటూ దారులు ఏర్పరచుకుంది. శాసనం దారి పత్తి చేల మధ్య నుంచి వాగు దాకా వెళ్తుంది. గుట్ట దారిలో సీతాఫలం పొదలు, కాలికింద జారే రాళ్ళు. అన్నిటికన్నా పొడుగు కాలువ దారి. ఊరి నుంచి కొంత దూరం స్కూటర్ మీద వెళ్ళి అక్కడ మొదలుపెట్టాలి. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క వరి మళ్ళు, మధ్యలో మొరం పోసిన గట్టు. ఎండాకాలం కాలువ కట్టేస్తే అడుగున మిగిలిన గుంటల్లో చేపలు కుళ్ళి కంపు కొట్టేవి. అయినా ఆమెకి అదే ఇష్టం.

మా అమ్మాయి నిఖిత హైస్కూలుకి వచ్చాక తల్లితో వెళ్ళడం మొదలుపెట్టింది. తర్వాత కాలేజీ క్రాస్ కంట్రీ జట్టులో చేరింది. నేను పరుగెత్తను. నీళ్ళ సీసాలు, తువ్వాలు పెట్టుకుని వెనక స్కూటర్ మీద మెల్లగా వెళ్ళేవాణ్ణి.

ఒక అలవాటు గురించి ఇక్కడ చెప్పాలి. ఉగాదికి ముందు మా వైపు నుంచి శ్రీశైలానికి జనం కాలినడకన వెళ్తారు. పెళ్ళికి ముందు వసుంధర కూడా వాళ్ళ మేనత్తతో వెళ్ళింది. దారి చీలినచోట ముందు నడిచేవాళ్ళు ఒక వేపరెమ్మ పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద రాయి పెట్టేవారట. రెమ్మ కొస ఎటుంటే అటు రావాలి. రెండు రెమ్మలు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి ఉంటే ఆ దారిన రావద్దని. వాగు పొంగిందనో, కుక్కలున్నాయనో, ఏదో ఒకటి. అది వాళ్ళ గుంపు పద్ధతి. మిగతా గుంపుల సంగతి నాకు తెలియదు.

వసుంధర దాన్ని పరుగులోకి తెచ్చింది. నిఖిత కంటే తను ముందు పోయేది. మా పెరట్లోని వేపచెట్టు రెమ్మలు నాలుగు విరిచి నడుముకి చెక్కుకునేది. చీలిక దగ్గర ఒకటి పెట్టి పోయేది. తర్వాత నిఖిత, ఆ వెనక నేను. స్కూలు పిల్లల్ని ఆమె మైదానం దాటించలేదు కాబట్టి ఈ గుర్తు మస్కిలో మా ముగ్గురికే తెలుసు.

కాలువ దారిలో మాకు తెలిసిన మనిషి లింగప్ప. గొర్రెలవాడు, మందలో కొన్ని మేకలూ ఉండేవి. కోత అయిన పొలాల్లో ఎరువు కోసం రాత్రిళ్ళు గొర్రెల్ని ఆపుతారు. రైతు పిలిచిన పొలానికల్లా మంద మారుతుంది. అతనికి రెండు కుక్కలుండేవి. పరుగెత్తే మనిషిని చూస్తే ఊరుకునే రకం కాదు. దూరం నుంచే వసుంధర "నాయి హిడుకో లింగప్పా" అని, కుక్కల్ని పట్టుకోమని, కన్నడంలో కేకేసేది. అతను రెండు కుక్కల మెడలూ పట్టుకుని కూర్చుంటే మేము దాటిపోయేవాళ్ళం. తర్వాత్తర్వాత ఆమె బిస్కెట్లు తీసుకెళ్ళి కుక్కల్ని మచ్చిక చేసుకుంది. అయినా కేక మానలేదు. అతను పట్టుకోవడమూ మానలేదు.

అతనికి తెలుగు బాగానే వచ్చు. మొదట్లో ఒకరోజు ఆమెని ఆపి అడిగాడు.

"ఏందక్కా, ఏమన్న ఎంటబడ్డదా? గిట్ల ఉరుకుతున్నవ్?"

"మా ఆయన ఎంటబడ్డడు లింగప్పా. సూడు, స్కూటర్ మీద వస్తున్నడు."

"సారుకు పెట్రోలు దండగ. నువ్వు నిలబడితే ఆయనే వస్తడు గద."

ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా "అక్క ఇంక దొరకలేదా సార్" అని అడిగేవాడు. అంతకు మించి మా మధ్య మాటలు లేవు. మనిషి మంచివాడు.

వసుంధరకి క్లోమంలో కాన్సర్ అని తెలిసేటప్పటికే ఆలస్యమైంది. హైదరాబాదులో కొన్నాళ్ళు చికిత్స చేయించి ఇంటికి తెచ్చుకున్నాం. చివరి వారాల్లో మంచం మీద పడుకుని నిఖితకి దారుల గురించి చెబుతుండేది. ఏ కల్వర్టు దగ్గర కంకర తేలింది, ఏ మలుపులో ట్రాక్టర్లు చూసుకోకుండా వస్తాయి, అలాంటివి. ఒకరోజు నాతో అంది.

"పిల్లని ఉరకనీయండ్రి. భయపడి ఇంట్ల కూసోబెట్టకుర్రి. ముందు పోయేటోళ్ళు లేరని దారి ఆగదు."

ఆమె నాతో చివరగా స్పష్టంగా మాట్లాడింది అదే.

లింగప్పకి ఆమె పోయిన వార్త ఎవరో చెప్పారు. కర్మ రోజున మా వాకిట్లోకి వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా, గొంగడి భుజాన వేసుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

నిఖిత కొన్ని నెలలు బూట్లు ముట్టుకోలేదు. వానాకాలం చివర్లో మళ్ళీ మొదలుపెట్టింది. నేను వద్దనలేదు. కానీ గట్టు మీద వద్దు, రోడ్డు మీద పరుగెత్తు అని చాలాసార్లు అన్నాను. ఆ విషయంలో మా ఇద్దరికీ మాటలు పెరిగేవి. అది తల్లి దారిని వదలనంటుంది. నాకు మిగిలింది అదొక్కతే.

ఆ రోజు ఆదివారం. ముందు రాత్రి గాలీవానా వచ్చింది. తెల్లవారేసరికి ఆకాశం తేటపడింది. స్కూటర్ మీద ఇద్దరం కాలువ దాకా వెళ్ళాం. అక్కడ అది దిగి పరుగు మొదలుపెట్టింది, నేను వెనక మెల్లగా. దారి చీలేచోట ఎడమ వైపు గట్టెక్కాలి. కుడి వైపు దారి పత్తి చేల మధ్యగా పోయి చాలా దూరం తర్వాత మళ్ళీ గట్టుని కలుస్తుంది.

నేను వెళ్ళేసరికి నిఖిత చీలిక దగ్గర ఆగిపోయి ఉంది. నేల వైపు చూస్తోంది. గట్టు దారి మొదట్లో రెండు వేపరెమ్మలు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. వాటి మీద గుప్పెడంత రాయి.

"నాన్నా, ఇది నువ్వు పెట్టావా?"

లేదన్నాను. అది నమ్మలేదు.

"నన్ను గట్టు మీదికి పోనివ్వకూడదని కదా? నోటితో చెప్పు. అమ్మ గుర్తుతో ఆడుకోకు."

ఒట్టు వేశాను. రాత్రంతా ఇంట్లోనే ఉన్నానని దానికీ తెలుసు. తల్లి మీద బెంగతో అదే ఎప్పుడో వచ్చి పెట్టిందేమోనని ఒక్క క్షణం అనుమానించాను. దాని ముఖం చూశాక ఆ అనుమానం నిలవలేదు.

వంగి చూశాను. ఆకులు వాడలేదు. తుంచిన చోట తడి ఆరలేదు. రాత్రి వానకి చుట్టూ ఉన్న గడ్డి మీదంతా నల్లమట్టి చింది ఉంది. ఆకుల మీద చుక్క బురద లేదు. అంటే వాన వెలిసిన తర్వాత పెట్టినవి. ఆ నల్లరేగడి బురదలో నిఖిత బూట్ల గుర్తులు, నా స్కూటర్ చక్రం గుర్తు, నా చెప్పుల గుర్తులు ఉన్నాయి. ఇంకెవరివీ లేవు. చుట్టుపక్కల కనుచూపు మేర వేపచెట్టు లేదు. అంతా సర్కారు తుమ్మే.

నిఖిత కాసేపు గట్టు వైపు చూసింది. ఎప్పటిలాగే ఉంది. నీళ్ళు నిండుగా పారుతున్నాయి. కొంగలున్నాయి.

"ఎవరు పెట్టినా అమ్మ గుర్తే కదా" అని కుడి దారి పట్టింది.

కొంత దూరం వెళ్ళాక వెనక లింగప్ప మంద గంటలు వినిపించాయి. నిఖిత తిరిగి చూడకుండానే చెయ్యెత్తింది. వాళ్ళమ్మ అలాగే ఎత్తేది. ఒక కుక్క మొరిగింది.

పత్తి చేలు దాటి గట్టుని కలిసేచోటికి చేరేసరికి అవతల జనం పరుగెత్తుతున్నారు. మేమూ వెళ్ళాం.

కాలువ మీద మోటార్లు పెట్టి ఎగువ పొలాలకి నీళ్ళు తోడుకోవడం మా వైపు మామూలే. మోటారుకి కర్రల మీదుగా వైరు లాక్కుంటారు. రాత్రి గాలికి ఒక కర్ర పడి, వైరు గట్టు మీది గడ్డిలో ఉంది. దూరం నుంచి కనబడదు. లింగప్ప దాని మీదే పడి ఉన్నాడు. పక్కన నాలుగైదు గొర్రెలు. అప్పటికి ఎవరో ఫోను చేసి కరెంటు తీయించారు.

అయినా మనుషులు దూరంగా నిలబడ్డారు. రెండు కుక్కలూ శవం దగ్గరికి ఎవర్నీ రానివ్వడం లేదు. కర్రలు ఎత్తితే ఇంకా మీదికొస్తున్నాయి. అప్పుడు నిఖిత ముందుకి నడిచింది. నేను ఆపబోయాను, ఆగలేదు. కుక్కల్ని పేర్లు పెట్టి పిలిచింది. వాళ్ళమ్మ పిలిచే తీరులోనే. అవి దాన్ని గుర్తుపట్టాయి. అది తడి గట్టు మీద కూర్చుని రెండింటి మెడలూ రెండు చేతులతో పట్టుకుంది. మాకోసం లింగప్ప ఎలా పట్టుకునేవాడో అలా. అప్పుడు జనం వెళ్ళి అతన్ని లేపారు.

పోలీసులు వచ్చి వెళ్ళాక చీలిక దగ్గరికి తిరిగి వచ్చాం. రాయి పక్కకి దొర్లి ఉంది. రెండు పుల్లలు మిగిలాయి. మందలోని మేకలు ఆకుల్ని పూర్తిగా మేసేశాయి.

ఎవరు పెట్టి ఉంటారని చాలా ఆలోచించాను. వసుంధర మేనత్త రాయచూరులో మంచం పట్టి ఉంది. ఆ గుంపులో మిగిలినవాళ్ళలో మస్కి వైపు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఉదయాన్నే పొలానికి వచ్చిన మనిషెవరో వైరు చూసి పెట్టాడనుకుందాం. వైరు చూసినవాడు రెండు రెమ్మలు పెట్టి ఊరుకోడు, కేకలు వేస్తాడు. మా వైపు దారి మూయాలంటే ముళ్ళకంప అడ్డం పడేస్తారు. ముళ్ళకంప చూస్తే ఎవరైనా ఆగుతారు. రెండు వేపరెమ్మల్ని చూసి ఆగేవాళ్ళు ఈ ప్రాంతంలో ఇద్దరే. ఆ ఇద్దరమూ ఆ ఉదయం అక్కడ ఉన్నాం.

పదకొండో రోజున లింగప్ప ఇంటికి వెళ్ళాం. అతని భార్య నాగమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కుక్కలు గడప దగ్గర పడుకున్నాయి. ఆమె నన్నేమీ అడగలేదు, నిఖితని అడిగింది. ఆ పొద్దు మీరు ముందే వచ్చిండ్రట గద, ఎప్పుడూ గట్టు మీదనే పోతరు గద, ఆ దినం ఎందుకు పోలేదు అని.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోమని నేను చూపుతో చెప్పాను. నిఖిత ఉన్నదున్నట్టు చెప్పింది. శ్రీశైలం నడక, వేపరెమ్మల గుర్తు, ఆ ఉదయం చూసింది, మేకలు మేసేయడం, అన్నీ.

నాగమ్మ నమ్మలేదని అనలేదు. మెల్లగా అడిగింది.

"మా ఆయన గూడ మీ అమ్మని అక్కా అనే పిలుస్తుండె. ఆయనకెందుకు చెప్పలేదు?"

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు, అన్నీ వరసగా పెడితే ఏదో ఒకటి తేలుతుందేమో అనుకున్నాను. ఆ రెమ్మలు ఎవరు పెట్టారో తేలలేదు.

నిఖిత ఇప్పటికీ కాలువ దారినే పరుగెత్తుతుంది. చీలిక దగ్గర ఆగి నేల చూస్తుంది. మళ్ళీ ఎప్పుడూ అక్కడ ఏమీ లేదు. గట్టంతా ముందు నన్ను స్కూటర్ మీద చూసి రమ్మంటుంది. వైరు ఎక్కడైనా జారి కనబడితే ఇద్దరం తుమ్మకంప లాక్కొచ్చి దారికి అడ్డంగా వేస్తాం. చేతులు గీరుకుపోతాయి. ఆ గుర్తు అందరికీ తెలుసు.