మస్తానయ్య చెవి పందెం

మా పాలెంలో మైకు సెట్టంటే మస్తానయ్యే. ముప్పయ్యేళ్ళుగా గంగమ్మ తిరునాళ్ళకి ఆయన రికార్డు ప్లేయరే మోగింది. ఆ నల్లటి రికార్డుల్ని మేం ప్లేట్లంటాం. ఎవరైనా ఫోనులో పాట పెడితే చాలు, మూతి ముడుచుకుని మొదలెడతాడు.

"అది పాట కాదురా, ఐసులో పెట్టిన చేప. నా ప్లేటు ఇప్పుడే వలలో పడిన చేప. ఎగరతా ఉంటాది."

ఈ మాట విని విని మా చెవులు చిల్లులు పడ్డాయి. పాట వినడానికి చెవులంటూ మిగలాలి కదా!

ఈ ఏడు తిరునాళ్ళ మైకు తనకిమ్మని టైటస్ వచ్చాడు. ఒకప్పుడు మస్తానయ్య దగ్గరే హారన్లు కట్టినవాడు, ఇప్పుడు లాప్‌టాప్ పెట్టుకున్నాడు. ఊరి పెదకాపు ఏదీ తేల్చకముందే మస్తానయ్య తొడకొట్టాడు.

"నా కళ్ళకి గంతలు కట్టండి. ప్లేటేదో, కంప్యూటరేదో చెప్తా. తప్పు చెప్పినానంటే ఇంక మైకు ముట్టను."

అడిగారా ఎవరైనా? నోరు ఊరుకుంటేగా! ఆ మైకు పోతే ఆయనకి వేరే పని లేదు, పలకరించే దిక్కూ లేదు. అది తెలిసీ మేం వేడుక చూడ్డానికి ఎగబడ్డాం.

పందెం రోజు పొద్దున్నే తన ముద్దుల ప్లేటుకి కొబ్బరినూనె పట్టించాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా బోటింజిన్లకి నూనె రాసే ఊరు కదా, పాటకీ తుప్పు పడుతుందనుకున్నాడు మహానుభావుడు. "అదేమన్నా తలా, నూనె పెట్టేదానికి?" అని భార్య కామమ్మ మొత్తుకున్నా వినలేదు.

మొదటి పాట మోగింది. గంతల కిందే మొహం చిట్లించాడు.

"గొంతులో గుడ్డ కుక్కినట్టుండాది. కంప్యూటరే, తీసెయ్."

రెండోసారీ అదే పాట. గరగర, చిటపట, వెనక ఖంగుమని పాటగత్తె గొంతు. మస్తానయ్య లేచి నిలబడ్డాడు.

"ఇదిరా నా ప్లేటు! ఆయమ్మ ఊపిరి పీల్చేది కూడా వినపడతా ఉండాది!"

గంతలు విప్పాం. మొదటిదే ప్లేటు. నూనెకి దుమ్మంటుకుని ప్లేయరు ముల్లు కింద ముద్ద కట్టింది. రెండోది లాప్‌టాప్. అదే ప్లేటుని టైటస్ ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. పొట్టలు పట్టుకుని నవ్వాం. "అదీ నా ప్లేటేగదరా" అని ఆయన గొణిగాడు గానీ వినేదెవరు? మైకు టైటస్‌కి పోయింది.

తిరునాళ్ళనాడు అదే పాట లాప్‌టాప్‌లో మోగింది. మేం పొంగలి తింటూ, "విన్నావా మస్తానన్నా, అచ్చం నీ ప్లేటే!" అని ఆయన్ని గిల్లుతున్నాం. ఆయన చేతిలోని పొంగలి ఆకుని కింద పెట్టి టైటస్ దగ్గరికి పోయాడు.

"ఏం చేసినావురా దాన్ని? ఆయమ్మ ఊపిరేది?"

టైటస్ తెల్లబోయాడు. "గరగర తీసేద్దామని నిన్న శుభ్రం చేసినా అన్నా. దాంతోపాటు ఊపిరీ పోయినట్టుండాది. పొద్దుట్నుంచి ఊరంతా వింటా ఉండారు, నువ్వొక్కడివే కనిపెట్టినావు."

నాకు సిగ్గేసింది. పెదకాపుతో సహా అందరం చేతుల్లో పొంగలి వంక చూసుకున్నాం. అయినా మైకు తిరిగి ఆయనకిద్దామని ఒక్క నోరూ లేవలేదు. నాదీ లేవలేదు.