ఒంటికన్ను తెరిచిన ఇటలీ కారు

పక్కింటి మనిషి గడప దాటినప్పుడల్లా మీ ఇంట్లో దీపం దానంతటదే వెలుగుతుంటే, వెలిగించింది ఆ మనిషేనని ఎన్నిసార్లు చూశాక నమ్ముతారు? మూడుసార్లు చాలా? పదిసార్లా? తొందరపడి జవాబు చెప్పకండి. బూర్గంపాడు మండలంలో ఒక ఊరి జనం ఇలాంటి ప్రశ్నకే తొందరపడి జవాబు చెప్పుకున్నారు. చెప్పుకుని, ఒక ముసలామె పళ్లు రాలగొట్టడానికి ఆదివారం పంచాయితీ పెట్టుకున్నారు.

అది 2006, వానాకాలం. నేను ఖమ్మంలో మోటారు వాహనాల వాల్యూయర్‌గా ఉండేవాణ్ణి. ప్రమాదానికి గురైన బండికి నష్టం అంచనా వేయడం, అమ్మకానికి పెట్టిన బండికి విలువ కట్టడం మా పని. నా చేతుల మీదుగా వెళ్లేవన్నీ బొగ్గు లారీలు, ట్రాక్టర్లు, జీపులే. అందుకే వెంకటేశ్వర్లు అనే కాంట్రాక్టర్ ఫోన్ చేసి ఇటలీ కారుకు విలువ కట్టాలన్నప్పుడు, పాత ఫియట్ కాబోలు అనుకుని అదే అడిగాను.

"ఫియట్ గాదు సార్. రేసు కారు. ఎర్రది. అండ్ల కూసుంటే నేల మీద కూసున్నట్టే ఉంటది."

బొంబాయిలో ఒక ఫైనాన్షియర్ దగ్గర కొని, లారీలో ఎక్కించి తెచ్చుకున్నాడట. తిరగడానికి కాదు. అలాంటి కారుకు గ్రౌండ్ క్లియరెన్స్, అంటే అడుగుభాగానికీ రోడ్డుకీ మధ్య ఖాళీ, బెత్తెడు కూడా ఉండదు. మన ఏజెన్సీ రోడ్ల మీద ఫర్లాంగు కూడా నడవదు. దాన్ని పొగాకు గోదాంలో పెట్టి, ధర పెరిగేదాకా ఆగాలన్నది అతని ఆలోచన. ఇప్పుడు హఠాత్తుగా అమ్మేస్తానంటున్నాడు.

వైరింగ్ చూడటానికి జానీమియాను వెంట తీసుకెళ్లాను. ఖమ్మంలో ఆటో ఎలక్ట్రీషియన్ అతను. తండ్రి, తాత కూడా ఇదే పని. పాల్వంచ దాటాక మెల్లగా బయటపెట్టాడు.

"ఆ కారుల ఏందో ఉన్నదట సార్. ఇందాక చాయ్ హోటల్ల గూడ అదే ముచ్చట. ఒక కన్ను దెరుస్తదట."

"నీకేం భయం? జబ్బకు తాయత్తు ఉందిగా."

"తాయత్తు మనుషుల మీదికి పనిచేస్తది సార్. కార్ల మీదికి పనిచేస్తదని మా అబ్బాజాన్ చెప్పలే."

మేం చేరేసరికి మధ్యాహ్నమే అయినా మబ్బుకు సాయంత్రంలా ఉంది. ఊళ్లో కరెంటు లేదు. గోదాం ముందు ఒక్క కూలీ లేడు. లోపల ముక్కిపోతున్న పొగాకు వాసనకు సాంబ్రాణి, కుళ్లిన కొబ్బరి తోడయ్యాయి. ఆ మసకలో కారు నేలకు కరుచుకుని పడుకున్నట్టు ఉంది. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. ముందుభాగమంతా పసుపు, కుంకుమ చారికలు.

జానీమియా సామాను తేవడానికి జీపు దగ్గరికి వెళ్లాడు. నేను వంగి పెయింటు చూస్తున్నాను. బయట ఎక్కడో గుర్రుమని ఏదో మోగింది, పట్టించుకోలేదు. మరుక్షణం నా చెంప పక్కనే మూలుగు వినిపించింది. జ్వరంలో ఉన్న మనిషి పక్క మీద మసిలినట్టు. కారు కుడివైపు రేకు నెమ్మదిగా పైకి లేచింది. కింద గాజుకన్ను. అది సగం తెరుచుకుని ఆగింది, వణికింది, మళ్లీ మూసుకుంది. మళ్లీ లేచింది. ఎడమ కన్ను మాత్రం కదల్లేదు.

నేను వెనక్కి తిరిగాను. గుమ్మంలో ఒక ముసలామె నిలబడి ఉంది. చంకలో బిందె. కొంగుతో నోరు మూసుకుని ఉంది. నన్ను చూసింది, కారును చూసింది, పక్కకు వెళ్లిపోయింది. కన్ను మాత్రం ఆడుతూనే ఉంది.

దయ్యాల్లేవని వేదికలెక్కి వాదించినవాణ్ణి నేను. ఆ నిమిషంలో నా వెంట్రుకలు వాదనకు ఆగలేదు. అవి నిక్కబొడుచుకోవడం తప్పుకాదు. వాటి మాట విని తీర్పు చెప్పడమే తప్పు.

వెంకటేశ్వర్లు ఇంటి అరుగు మీద అతని తల్లి రాఘవమ్మ అసలు సంగతి చెప్పింది.

"అది బింద పట్కొని ఇంట్లకెళ్లి బయటికొస్తే చాలు బిడ్డా, ఈడ కన్ను లేస్తది. దాని అడుగు పడకముందే కారుకు తెలుస్తది. పగలు వస్తే పగలే, మునిమాపు వస్తే మునిమాపే. మా మనవడికి దినం తప్పి దినం జ్వరం. దాని కడుపు ఎవరు కొట్టిండ్రని ఇట్ల జేస్తున్నదో."

"ఎవరామె?"

"ముత్తమ్మ. గోదాం ఎనక కోయగుంపుల చివరిల్లు. మంత్రం నోట్లనే ఉంటది. ముందటి పళ్లు రాలగొడితే మంత్రం తిరగది. ఐతారం అందరు కూసుంటరు."

ఈ మాట ఆమె కోపంగా అనలేదు. పుచ్చిన పన్ను తీయించాలన్నంత మామూలుగా అంది. ఆ గోదాంలో చూసినదాని కన్నా ఆ గొంతే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మీరేమంటారు?" అని వెంకటేశ్వర్లును అడిగాను.

"నేనేమంటా సార్? కూలోళ్లు గోదాం తొక్కుతలేరు. పిల్లగాడు మంచం దిగుతలేడు. కారు అమ్మితే నా పీడ పోతది. ముసల్దాని సంగతి ఊరు జూస్కుంటది."

ఊరు చూసుకుంటుంది! చదువుకున్నవాళ్లు చేతులు కడుక్కోవడానికి వాడే నీళ్లు ఈ మాటే.

నేను గుంపుకు, అంటే కోయల ఆ చిన్న పేటకు, ముత్తమ్మ ఇంటికి వెళ్లాను. పళ్లు దాచుకున్నట్టు నోటి మీది కొంగు తీయకుండానే మాట్లాడింది.

"నీళ్లకే వస్తున్న సారూ. గుంపుల బోరింగు నీళ్లు ఎర్రగొస్తయి. గోదాం కాడి మోటరు సప్పుడు ఇనవడితే బింద దీస్కొని వస్త."

"మోటారు చప్పుడు విన్నాకే వస్తావా?"

"అవ్. కరెంటు ఎప్పుడొస్తదో నాకేం ఎరుక? వారం పొద్దుగాల ఇస్తరు, వారం పగటీలి, వారం మాపటీలి ఇస్తరు. మోటరే చెప్తది."

"ఈ మాట వాళ్లకు చెప్పలేదా?"

"నన్నెవరు అడిగిండ్రు సారూ?"

అప్పుడు నాకు గోదాం బయటి గుర్రుమన్న చప్పుడు గుర్తొచ్చింది. బోరు మోటారుకు ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు రాగానే దానంతటదే తిరుగుతుంది. కన్ను లేచింది ఆ చప్పుడు తర్వాత. ఆమె వచ్చింది ఆ రెండింటి తర్వాత. కారు దగ్గరికి పరుగెత్తి చూస్తే, చక్రం వెనక నుంచి ఒక తీగ గోడ ప్లగ్గుకు పోతోంది. వాడని కారు బ్యాటరీ చచ్చిపోకుండా ఛార్జర్ తగిలించి ఉంచమని అమ్మినవాడే చెప్పాడట. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు వచ్చినప్పుడు ఛార్జర్ ఇచ్చే ఆ కాస్త శక్తే కారుకు ప్రాణం. అందుకే ఆ మూలుగు, ఆ నిద్రమత్తు కదలిక.

ఈ రకం కార్లలో దీపాలు పగలు మూత కింద దాక్కుంటాయి, స్విచ్ వేస్తే చిన్న మోటారు పైకి లేపుతుంది. పూర్తిగా లేచాక, పూర్తిగా దిగాక ఆ మోటారును ఆపేది లిమిట్ స్విచ్. జానీమియా బిస్మిల్లా అనుకుని కుడి మూత విప్పాడు. లోపల కుంకుమ బురద, కొబ్బరి పీచు. లిమిట్ స్విచ్ చిలుము పట్టి పచ్చగా ఉంది, ఆపేది లేక కరెంటు అందినప్పుడల్లా ఆ మోటారు మూతను లేపుతూ దించుతూనే ఉంది. ఎడమది తళతళలాడుతోంది.

"కొబ్బరికాయ ఎక్కడ కొట్టేవారమ్మా?" అని రాఘవమ్మను అడిగాను.

"కారు దిగిన కాడ్నుంచి ప్రతి శుక్రారం కొట్టి, నీళ్లు కుడి మూత మీద పోస్తున్న. కన్ను తెరిచినప్పటి నుంచి రోజు పోస్తున్న."

దిష్టి తగలకూడదని పోసిన నీళ్లే దిష్టిని పుట్టించాయి. పుట్టాక, దాన్ని పోగొట్టడానికి మరిన్ని నీళ్లు. మన దేశంలో చాలా దయ్యాల జాతకం ఇదే.

చెబితే నమ్మరు కాబట్టి చూపించాం. మర్నాడు గోదాం ముందు ఊరి పెద్దలను కూర్చోబెట్టి ప్లగ్గు పీకేశాం. కరెంటు వచ్చింది, మోటారు మోగింది, ముత్తమ్మ వచ్చి కారు పక్కనే నిలబడింది. కన్ను లేవలేదు. తర్వాత ఆమెను రోడ్డు మీద జనం మధ్య కూర్చోబెట్టి ప్లగ్గు పెట్టాం. కారు దగ్గర ఎవరూ లేరు. మూలుగుతూ కన్ను లేచింది. అప్పుడు జానీమియా పాత స్విచ్ తీసేసి, దీపాన్ని మూసి, కన్ను మీద చెయ్యి వేసి, "పండుకో తల్లీ" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

రాఘవమ్మ మాత్రం, "అయితే దయ్యం కరెంటుకు పట్టింది" అంది.

పంచాయితీ జరగలేదు. పిల్లవాడి రక్తం భద్రాచలంలో పరీక్ష చేయిస్తే మలేరియా అని తేలింది.

ఇక విలువ. వెంకటేశ్వర్లుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఇలాంటి కారుకు ధర తెచ్చేది వేగం కాదు, ఒరిజినాలిటీ. ఫ్యాక్టరీలో వేసిన రంగు, పెట్టిన భాగాలు అలాగే మిగిలి ఉండటం. పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు ఆ రంగును తినేశాయి. మళ్లీ వేయించినా మొదటి రంగు కాదు.

"ఆగితే పెరుగుతదా సార్?"

"పదిహేనేళ్ల వయసులో ఈ కారు బొమ్మను గోడకు అంటించుకున్న కుర్రవాళ్లున్నారు. వాళ్లు నడివయసుకొచ్చి డబ్బు సంపాదించాక కొంటారు. గిరాకీ అక్కడుంది. ఆ తరం పోయాక, తర్వాతివాళ్లకు వేరే కారు కలలోకి వస్తుంది. అప్పుడు దీని ధర కూడా దిగుతుంది."

"అంటే ధర కారుల లేదు. మనుషుల కోరికల ఉన్నది."

"అవును. అది కూడా ఒక నమ్మకమే. కాకపోతే ఆ నమ్మకం ఎవరి పళ్లూ రాలగొట్టదు."

నేను రాసిచ్చిన ధరకే అమ్మేశాడు. మళ్లీ లారీ ఎక్కి పోయింది.

ఆ కేసు నాకు నేర్పింది ఒక్కటే. కోరిక ఒక తరంతో చల్లబడుతుంది. భయం అలా చల్లబడదు, తల్లి నుంచి బిడ్డకు ఒరిజినల్ రంగు చెడకుండా చేరుతుంది. రెండేళ్ల తర్వాత భద్రాచలం బస్టాండులో ముత్తమ్మ కనబడింది. నవ్వుతూ పలకరించింది. ఆ నవ్వు కళ్లలోనే చూశాను. నోటికి కొంగు అడ్డం అలాగే ఉంది. "నీళ్లు తెచ్చుకుంటున్నావా?" అంటే, "వాగుకు పోతున్న సారూ. మోటరు సప్పుడు ఇంటే ఇప్పటికీ గుండె దడ" అంది.

ఒక స్విచ్ తీసేయడం జానీమియాకు గంట పని. ఆ కొంగు దింపడం అతని వల్ల కాదు, నా ఒక్కడి వల్లా కాలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఊళ్లోనూ ఒక ముత్తమ్మ ఉంది. ఆమె పేరు ఎత్తగానే ఎవరు గొంతు తగ్గిస్తారో మీకు తెలుసు. ఊరు చూసుకుంటుందని కూర్చోకండి. ఆదివారం దాకా ఆగకండి. ఈ పుస్తకం మూసి, లేచి, ఆమె గడపకు వెళ్లండి. అసలేం జరిగిందని, ఇంతవరకూ ఎవరూ అడగని ఆ మాట ఆమెనే అడగండి.